పైపూత లోగుట్టు

తెలుగులో పూతలు రెండు రకాలు. మామిడిచెట్టు మీద కనిపించేది పూచిన పూత. ఇత్తడిగిన్నె లోపల కళాయివాడు వేసేది పూసిన పూత. మొదటిది లోపలినుంచి పైకి వస్తుంది. రెండోదాన్ని మనం పైనుంచి పెడతాం. పుట్టుక వేరైనా రెంటికీ పరీక్ష ఒక్కటే: నిలిచిందా, రాలిందా? మామిడి పూత నిలిస్తే కాపు దక్కుతుంది. కళాయి పూత నిలిస్తే పులుసు చిలుము పట్టకుండా వుంటుంది.

అయినా మనవాళ్ళకు పూసిన పూత మీద బొత్తిగా గౌరవం లేదు. 'పైన పటారం, లోన లొటారం' అని ఒక్క సామెతతో తేల్చివేశారు. పైపూత, పైమెరుగు, పైపై మాటలు - 'పై' చేరితే చాలు, మోసమేనని మన అనుమానం. ఈ వారం ఆ పైపూత పక్షాన వకాల్తా పుచ్చుకోవాలని వున్నది. తెలుగు పాఠం చెప్పుకునేవాడికి పూతలతో ఏమి పని అంటారేమో! నలభై దాటి, కళ్ళజోడు లేనిదే పద్యం ఎక్కడ మొదలైందో కనిపించని దశకు వచ్చినవాడికి ఆ పని తప్పదు. ఈనాటి కళ్ళజోళ్ళలో చాలా భాగం గాజువి కావు, ప్లాస్టిక్‌వి. ఆ ప్లాస్టిక్ మీద మన కంటికి కనిపించని పూత ఒకటి వుంటుంది. అది వున్నంతకాలం దాన్ని ఎవరూ తలచుకోరు. అది పోయిననాడు లోకమంతా మసకబారుతుంది.

మా కరీంనగరంలో ఈ సంగతి మరింత ముఖ్యం. ఎందుకంటే మాది రాతి నేల. ఊరి చుట్టూ కనిపించే గుట్టలు గ్రానైటువి. 'ట్యాన్ బ్రౌన్' అనే పేరుతో ఇక్కడి గోధుమవన్నె రాయి నునుపు తేలి, దేశాలు దాటిపోయి, ఎవరెవరి యిళ్ళలోనో నేలగా పరుచుకుంటున్నది. రాయి పోతున్నది గాని దాని దుమ్ము మాత్రం మాకే మిగులుతున్నది. ఆ దుమ్ములో పలుగురాయి పొడి వుంటుంది.

పలుగురాయి సంగతి తెలియాలంటే మోస్ అనే జర్మను పండితుణ్ణి తలచుకోవాలి. 1812లో ఆయన ఖనిజాలకు పది మెట్ల నిచ్చెన ఒకటి కట్టాడు. సూత్రం చాలా సులువు. ఏది దేన్ని గీరగలదో అది పైమెట్టు. అన్నిటికంటే కింద, ఒకటో మెట్టు మీద, బలపపురాయి. అన్నిటికంటే పైన, పదో మెట్టు మీద, వజ్రం. మన గోరు రెండున్నర దగ్గర, కిటికీ అద్దం అయిదున్నర దగ్గర వుంటాయి. పలుగురాయిది ఏడో మెట్టు. అంటే అది గాజునే గీరగలదు. ఇక గాజుకు చాలా కింద వుండే ప్లాస్టిక్ మాట చెప్పాలా? అదే, గోదావరిఖని వైపు బొగ్గుపొడి పడితే కళ్ళజోడు నల్లబడుతుంది గాని అంతగా గీతలు పడవు, బొగ్గు మెత్తనిది గనుక. నల్లగా కనిపించే దుమ్ము కంటె తెల్లగా, అమాయకంగా కనిపించే దుమ్మే ప్రమాదం.

మరి గాజును వదిలి ప్లాస్టిక్ వెంట ఎందుకు పడ్డాం? బరువు తక్కువ, పగలదు - ఈ రెండు గుణాల కోసం. 1940 ప్రాంతంలో అమెరికాలో ఒక సంస్థవారు వరుసగా రకరకాల రెజిన్లు చేసి చూస్తూ వుంటే ముప్ఫైతొమ్మిదోది బాగా కుదిరింది. అందుకే దానికి 'సి.ఆర్. 39' అనే పేరు నిలిచిపోయింది. 1947లో కాలిఫోర్నియాలో దానితో కళ్ళద్దాలు చేశారు. 1953లో జర్మనీలోనూ అమెరికాలోనూ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఇద్దరు రసాయనవేత్తలు పాలికార్బొనేటును కనుగొన్నారు. బంతి తగిలినా పగలని గుణం దానిది. అందుచేత పిల్లల కళ్ళజోళ్ళకు అది మేలు. కాని దెబ్బకు ఓర్చే ఆ ప్లాస్టిక్కే గీతకు ఓర్వదు. పూత లేని పాలికార్బొనేటును గరుకుగుడ్డతో నాలుగుసార్లు తుడిస్తే చాలు, దాని జాతకం బయటపడుతుంది.

మా వీధిలో ఒక అవ్వ వున్నది. నలభై ఏళ్ళుగా బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని పెద్దచేసింది. రెండేళ్ళ కిందట కంటి పొర తీయించుకుని కళ్ళజోడు పెట్టించుకున్నది. ఒకనాటి సాయంకాలం అరుగు మీద దిగులుగా కూర్చుని వుంటే పలకరించాను.

"కండ్లు మల్ల మసక మసకైతున్నయి సారూ. పొర మల్లొచ్చినట్టున్నది. పట్నం పోవాలె, పైసలు జూస్తున్న" అన్నది.

"ఏదవ్వా, ఆ అద్దాలు ఇటివ్వు" అని తీసుకుని దీపం ఎదుట పట్టి చూశాను. గుడ్డివెలుగులో చెరువు మీది మంచులాగా వున్నది. సన్నని గీతలు, వేలకు వేలు, గుండ్రంగా ఒకదాని మీద ఒకటి.

"దేనితో తుడుస్తున్నావవ్వా?"

"గట్లడుగుతవేంది? రోజూ పొద్దున పొయ్యి బూడిదేసి తోముత గద సారూ, తళతళ మెరవాలని!"

ఇత్తడి చెంబుకు చేసే మర్యాదే కళ్ళజోడుకూ చేసింది పాపం. చూపు తగ్గితే ముందు వైద్యుడికి చూపించాలి, దానికి తిరుగులేదు. కంటి పొర తీసిన తరువాత కూడా కొందరికి మళ్ళీ మసక రావడం కద్దు. అవ్వ కంటిని మా ఊళ్ళోనే డాక్టరుకు చూపించాం. కన్ను నిక్షేపంగా వున్నదన్నాడు. పాత ఫ్రేములోనే కొత్త అద్దాలు వేయించగానే ఆకు మీది ఈనెలు లెక్కపెట్టింది. పొర కంటికి రాలేదు. కళ్ళజోడు మీది పొర పోయింది. అప్పు చేసి పట్నం పోవలసిన ప్రయాణం తప్పింది.

మెత్తని వస్తువుకు గట్టి పొర తొడగడమనే విద్య మనకు కొత్తది కాదు. అది చూడాలంటే కరీంనగరం నుంచి గోదావరి దాటి నిర్మల వెళ్ళాలి. నిన్నమొన్నటిదాకా ఆదిలాబాదు జిల్లాలో వుండి 2016లో తానే ఒక జిల్లా అయిన ఊరు. నిర్మల బొమ్మలంటే తెలియనివారు లేరు. పళ్ళూ, పక్షులూ, లేళ్ళూ, ఏనుగులూ, నిజమైనవాటి పక్కన పెడితే పిల్లలు తికమక పడతారు. ఆ బొమ్మలకు వాడేది పొనికి కర్ర. ఆదిలాబాదు అడవుల్లో పెరిగే ఆ చెట్టు కర్ర చాలా తేలిక, చాలా మెత్తన. ఉలికి వెన్నలాగా లొంగుతుంది. లొంగే గుణమే దాని లోపం కూడా. గోరు గుచ్చితే గుంట పడుతుంది. రంగు పూస్తే పీల్చివేస్తుంది.

అందుకని అక్కడి నఖాషీ పనివారు రంగు దగ్గరికి తొందరపడి పోరు. చింతగింజల అంబలిలో రంపపుపొట్టు కలిపి ముద్దచేసి, దానితో బొమ్మ అవయవాలు అతికి, సందులు పూడుస్తారు. ఆరనిస్తారు. తరువాత సుద్ద పూత. ఆరనిస్తారు. గరుకు కాగితంతో రుద్ది నునుపు తేలుస్తారు. ఇంత అయిన తరువాతనే రంగు. చూసేవాడి కంటికి కనిపించేది ఆఖరి పొర ఒక్కటే. ఆ పొరను మోసేవి కింద వున్న పొరలు. సుద్ద సరిగా పట్టకపోతే ఎంత ఖరీదైన రంగయినా పెచ్చులు లేచిపోతుందని ఆ పనివారికి తెలుసు. పైపూత గట్టిదనం పైపూతలో మాత్రమే లేదన్నది నిర్మల విద్యలో మొదటి పాఠం. దీన్ని కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

వెనుకటి కాలంలో ఆ రంగులు ఆకుపసర్లూ, ఖనిజాలూ. ఇప్పుడు వాడేవాటిని అక్కడ 'డ్యూకో' రంగులంటారు. ఈ పేరు ఎక్కడిదనుకున్నారు? అమెరికాలో డ్యూపాంట్ కంపెనీవారు 1923లో మోటారు కార్లకోసం చేసిన మెరుగు పేరు అది. అంతకుముందు ఒక కారుకు రంగు వేసి ఆరబెట్టడానికి రోజుల తరబడి పట్టేది. డ్యూకో వచ్చి దాన్ని గంటల్లోకి తెచ్చింది. కారు కోసం పుట్టిన పేరు కొయ్యలేడికి అంటుకుని నిర్మలలో యింటిమాట అయిపోయింది!

డ్యూకోకు ముందు లోకమంతటికీ మెరుగు పెట్టినది మన లక్కే. మోదుగ, కుసుమ, రేగు చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు లక్షల సంఖ్యలో చేరి స్రవించే జిగురు అది. సారాయిలో కరిగించి పూస్తే అద్దంలాంటి మెరుపు వస్తుంది. ఎటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మను తిప్పుతూ లక్కకడ్డీ ఒత్తిపడతారు. రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. కాని లక్కకు వేడి పడదు, తేమ పడదు. పాలిషు పెట్టిన బల్ల మీద వేడిగ్లాసు పెడితే తెల్లని వలయం పడేది అందుకే. నిప్పంటే అసలే పడదని వారణావతంలో పాండవుల కోసం లక్కయిల్లు కట్టించిన దుర్యోధనుడికి బాగా తెలుసు. డ్యూకోకు మూలమైన నైట్రోసెల్యులోజు కూడా నిప్పు విషయంలో లక్కకు అన్న.

పారదర్శకమైన పలుచని పొరకు పూత పూసి దానికి లేని గుణం తెప్పించడం కూడా ఆ రోజులనాటి మాటే. స్విట్జర్లాండు వాడైన బ్రాండెన్‌బర్గర్ 1908లో సెల్లోఫేను కాగితం కనిపెట్టాడు. చూపుకు అద్దమే గాని తేమను ఆపలేదు. మిఠాయి చుట్టిపెడితే మెత్తబడేది. 1927లో డ్యూపాంటులో పనిచేసే విలియం చార్చ్ దానికి రెండు వైపులా అతి పలుచని నైట్రోసెల్యులోజు, మైనాల పూత పట్టించాడు. అంతే, సెల్లోఫేను జాతకం మారిపోయింది. కాగితం అదే. గెలిపించింది పూత.

ఈనాడు కనిపించే అలాంటి పారదర్శకమైన పొరల్లో ఒకటి పాలియెస్టరు పొర. పేరు వినగానే మా సిరిసిల్ల గుర్తుకు రావాలి. అక్కడి మరమగ్గాల మీద నేసే పాలియెస్టరు నూలూ, సెల్‌ఫోను ముఖం మీద అతికించే పలుచని పొరా ఒకే తల్లి పిల్లలు. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు చేసిన పదార్థం అది. కరిగించి సన్నని రంధ్రాలలోంచి లాగితే దారం. వెడల్పయిన సందులోంచి దించి నిలువుగా, అడ్డంగా సాగదీస్తే పొర. ఆ పొర చిరగదు, అద్దంలా వుంటుంది. కాని గీతకు మెత్తన. దానికి గట్టిపూత వేయక తప్పదు.

ఆ పూత ఎలా గట్టిపడుతుందో చెప్పడానికి కూడా మగ్గమే సాయం. లక్క, డ్యూకోలు ఆరడమంటే వాటిలోని సారాయివంటి ద్రవం ఆవిరైపోవడమే. మిగిలినది పక్కపక్కన పడుకున్న పడుగుపోగుల వంటిది. మళ్ళీ ఆ ద్రవం తగిలితే మళ్ళీ కరిగిపోతుంది. కొత్త పూతలు అలా కావు. ఎక్రిలేటు అనే జిగట ద్రవంలో ఒక్కొక్క అణువుకూ నాలుగైదు చేతులుంటాయి. అతినీలలోహిత కాంతి పడగానే, కొద్ది క్షణాలలో, ఆ చేతులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పడుగూ పేకా కలిసి గుడ్డ అయినట్లు మొత్తం ఒకే వల అయిపోతుంది. ఇక కరగదు. కళ్ళద్దాలకైతే ఎక్కువగా సిలికాన్ జాతి ద్రవంలో ముంచి తీసి, వేడిలో వుంచి గట్టిపరుస్తారు. మందం ఎంతంటారా? మన వెంట్రుక మందంలో పదోవంతుకు అటూ యిటూ.

ఆ ద్రవంలో సన్నని సిలికా రేణువులు కూడా కలుపుతారు. సిలికా అంటే మరేమీ కాదు, పలుగురాయి పదార్థమే! ప్లాస్టిక్‌ను గీరే శత్రువునే పొడిచేసి కాపలా పెట్టడమన్నమాట. ముల్లును ముల్లుతోనే తీయాలి గదా. అయితే పలుగురాయి పొడి కలిస్తే అద్దం తెల్లబడదా? పడదు. మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక్కొక్క ముక్క నానోమీటరు. మన కంటికి కనిపించే వెలుగు తరంగం పొడవు నాలుగువందల నుంచి ఏడువందల నానోమీటర్లు. ఈ రేణువులు పదో, ఇరవయ్యో నానోమీటర్లు. ఏనుగుకు దారిలో ఆవగింజ అడ్డం కానట్లు వెలుగుకు ఇవి అడ్డం కావు.

ఇంత గట్టి పూత కనిపెట్టాక ఇంకా ఎక్కువ మందంగా, ఇంకా ఎక్కువ బిగువుగా వేస్తే పోలా? అక్కడే వున్నది లోగుట్టు. గట్టిపడేటప్పుడు పూత ముడుచుకుంటుంది. మందం ఎక్కువైతే కింది పలుచని పొరను ఎండిన ఆకులాగా చుట్టచుట్టేస్తుంది. బిగువు ఎక్కువైతే వంచగానే పగుళ్ళిస్తుంది. రాతి మీద అప్పడం పెట్టి వేలితో నొక్కండి, ఏమీ కాదు. అదే అప్పడాన్ని పరుపు మీద పెట్టి నొక్కితే ఫటుక్కుమంటుంది. అప్పడం అదే, కింద వున్నది వేరు. ఒకే పూత గాజు మీద వుంటే ఎక్కువ గట్టిగా, ప్లాస్టిక్ మీద వుంటే తక్కువ గట్టిగా కనిపించేది యిందుకే. అందుచేత మంచి పనివారు కిందిపొర స్వభావం చూసి, అవసరమైతే మధ్య ఒక జిగురుపూత వేసి, పైపూత బిగువును కొంచెం తగ్గిస్తారు. నిర్మల సుద్దపూత కథే మళ్ళీ!

పూత పట్టిందో లేదో చూడడానికి కర్మాగారాలలో ఒక ముచ్చటైన పరీక్ష వున్నది. పూత మీద కత్తితో నిలువుగా పదకొండు గీతలు, అడ్డంగా పదకొండు గీతలు గీస్తారు. వంద గళ్ళవుతాయి. వాటి మీద అంటుకాగితం గట్టిగా అంటించి చటుక్కున లాగుతారు. ఎన్ని గళ్ళు రాలకుండా మిగిలితే అన్ని మార్కులు. వందకు వంద రావలసిందే. మా కాలేజీలో మాదిరి ముప్ఫై అయిదుకు పాసు కాదు.

ఇంకొకటి పెన్సిలు పరీక్ష. దీని సంగతి మాత్రం ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి, దీని పేర డబ్బు పోతున్నది గనుక. పెన్సిలు ముల్లులో బంకమన్ను పాలు పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది. హెచ్‌బి కంటె 2హెచ్ గట్టి, ఆ వరుసలో చివరిది 9హెచ్. పెన్సిలును 45 డిగ్రీల వాలుగా, 750 గ్రాముల బరువుతో పూత మీద నడిపి ఏ పెన్సిలు గీరిందో చూస్తారు. సెల్‌ఫోను అద్దాల డబ్బీల మీద గొప్పగా అచ్చువేసే '9హెచ్' ఈ పెన్సిలు లెక్కే. వజ్రానికి కింది మెట్టయిన తొమ్మిదని అంగడివాడు సైగ చేస్తే నమ్మకండి. మామూలు కిటికీ అద్దాన్ని కూడా 9హెచ్ పెన్సిలు గీరలేదు. అంటే ఆ ముద్ర గాజు అనే మాట తప్ప ఇంకేమీ కొత్తగా చెప్పడం లేదు. పలుగురాయి దుమ్ముకు ఆ ముద్ర చదవడం రాదు.

ఇక ఎండ. రామగుండంలో వేసవికి 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. మూసిన కారులో ముందద్దం కింద వేడి అంతకంటే చాలా ఎక్కువ. ఆదిలాబాదు చలికాలంలో 5 డిగ్రీల కిందికి దిగిన రాత్రులున్నాయి. వేడికి గాజు ఒక వంతు పెరిగితే పాలికార్బొనేటు ఏడెనిమిది వంతులు పెరుగుతుంది. పైపూత అంతగా పెరగలేదు. కిందిది సాగుతుంటే పైది సాగలేక, ఎండిన చెరువడుగులాగా సన్నని బీటలిస్తుంది. ఆ బీటలు తుడిస్తే పోవు.

కనుక ఇల్లు నడిపే తల్లులకు నాలుగు మాటలు మనవి చేస్తాను. ఒకటి: కళ్ళజోడును పొడిగా తుడవవద్దు. ముందు నీళ్ళ ధార కింద పట్టి దుమ్ము కడగాలి, ఆ తరువాతే ఉతికిన మెత్తని నూలుగుడ్డ. బాగా జిడ్డుంటే ఒక్క చుక్క సబ్బునీరు చాలు. రెండు: బూడిద, పళ్ళపొడి, గిన్నెలు తోమే పీచు వీటి దాపుకు రానీయవద్దు. మూడు: పొయ్యి పక్కన, ఎండలో నిలిపిన కారులో వదలవద్దు. నాలుగు: గీతలు పడ్డ అద్దాన్ని రుద్దించి బాగుచేయిస్తామని ఎవరైనా అంటే వద్దనండి. రుద్దితే మిగిలిన పూత కూడా పోతుంది. ఫ్రేము బాగుంటే అద్దాలు మాత్రం మార్పించుకోవచ్చు. కొనేటప్పుడు పూత రెండు వైపులా వున్నదా అని అడగండి; పిల్లలకు పాలికార్బొనేటు కొంటే మరీ గట్టిగా అడగండి. చదువులో వెనకబడ్డాడని మనం కోప్పడే పిల్లవాడి కళ్ళజోడును ఒకసారి దీపం ఎదుట పట్టి చూడడం కూడా మంచిదే.

నిర్మల బొమ్మలకు డ్యూకో ఏ ఊరినుంచయినా తెప్పించుకోవచ్చు. పొనికి కర్ర మాత్రం అడవిలోంచే రావాలి, ఆ చెట్లు కరువవుతున్నాయని పనివారు బాధపడుతున్నారు. పూతకైనా నిలబడడానికి ఒక ఆధారం కావాలి గదా.

ఈ ఏడు మామిడి పూత నిలుస్తుందా, మంచుకు మాడుతుందా అన్నది మన చేతిలో లేదు. కళ్ళజోడు పూత మాత్రం మన చేతిలో, ఇంకా సరిగ్గా చెప్పాలంటే మన చీరకొంగు, పైపంచె చివరలో వున్నది.